ఇథియోపియా ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవ: తొలి రోజుల సర్దుబాట్లు

ఆడిస్ అబాబాలో గాని, ఉత్తరాన గోందర్‌లో గాని, ఇథియోపియాలో ఏ ఆసుపత్రికి సేవ చేయడానికి వెళ్లినా మొదట తడబాటు కలిగించేది భోజనమో చలో కాదు, కాలగణన. అక్కడ గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది కనుక, మన ఏడు గంటలు వారికి ఒంటిగంట, మన తొమ్మిది వారికి మూడు. రోగిని రెండు గంటలకు రమ్మన్నామని నర్సు చెబితే ఉదయం ఎనిమిదికని అర్థం కావచ్చు. మందుల వేళల విషయంలో ఏ లెక్క ప్రకారం చెబుతున్నారో ప్రతిసారీ అడగండి. అడిగినందుకు ఎవరూ నొచ్చుకోరు.

తేదీలతో చిక్కు ఇంకా ఎక్కువ. ముప్ఫై రోజుల నెలలు పన్నెండు, ఆపై ఐదారు రోజుల పగుమే అనే పదమూడో నెల ఉంటాయి. 2025 సెప్టెంబరు 11న అక్కడ 2018వ సంవత్సరం మొదలైంది. గర్భిణి తన చివరి నెలసరి తేదీని ఆ పంచాంగం ప్రకారమే చెబుతుంది కాబట్టి, మార్పిడిలో పొరపడితే కాన్పు తేదీ కూడా తప్పుతుంది. రెండు తేదీలూ ముద్రించిన క్యాలెండరు ఒకటి మొదటి రోజే కొనుక్కోవాలి.

మాటల మధ్య చాలామంది 'అవును' అనడానికి బదులు చటుక్కున ఊపిరి లోపలికి పీలుస్తారు. ఆయాసమనుకుని స్టెతస్కోపు తీయకండి. ఇంటిపేర్లు అక్కడ లేవు; రెండో పేరు తండ్రిది, అందుచేత పెద్ద డాక్టరునైనా మొదటి పేరుతోనే పిలుస్తారు. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటే దానితోనే పిలిచే అవకాశముంది గనుక, పిలవవలసిన పేరేదో ముందే చెప్పడం మేలు.

శాకాహారులకు ఆ దేశం అనుకున్నంత కష్టమైనది కాదు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టరుకు ముందు 55 రోజులూ మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అటువంటి భోజనాన్ని 'యెత్సోమ్' (ఉపవాసపుది) అని అడిగితే పుల్లని అట్టులాంటి ఇంజెరా మీద పప్పులు, కూరలు, శనగపిండితో చేసే షిరో వడ్డిస్తారు. అయితే కొందరు ఉపవాసంలోనూ చేప తింటారు కాబట్టి దాని సంగతి విడిగా అడగాలి. వార్డులో ఈ ఉపవాసాలకు మరో ముఖం ఉంది: భక్తిగల రోగి మధ్యాహ్నం దాటేదాకా ఏమీ తినకపోవచ్చు, ఉదయపు మాత్ర, మరీ ముఖ్యంగా మధుమేహం మందు ఇచ్చేముందు తిన్నారో లేదో అడగడం తప్పనిసరి.

సహోద్యోగి ప్రేమగా ముద్ద కలిపి నోట్లో పెడితే కాదనకండి. కాఫీ మూడు విడతలుగా పోస్తారు కనుక చాలాసేపు పడుతుంది. డ్యూటీ వేళ అయితే ఆ మాట కూర్చునేముందే చెప్పాలి.

పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని, ఆ పత్రాన్ని పాస్‌పోర్టుతోపాటు ఉంచుకోండి, తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే దాన్ని అడుగుతారు.