స్ప్రే విమానం లేవనంటోందా? టేకాఫ్‌లో వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పంటలకు మందు కొట్టే విమానం సీజన్‌లో రోజుకు పదుల సార్లు లేస్తుంది. ప్రతిసారీ హాపర్ (మందు పోసే ట్యాంకు) నిండా బరువు, కింద పరుగు తీయడానికి మట్టి స్ట్రిప్పో గడ్డి స్ట్రిప్పో. పొద్దున చల్లగా ఉన్నప్పుడు హాయిగా లేచింది కదా, మధ్యాహ్నమూ లేస్తుందిలే అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

సమస్య: సగం స్ట్రిప్ అయిపోయినా వేగం అందుకోవడం లేదు

ఇంజిన్ కంటే ముందు బరువును అనుమానించండి. లోడింగ్ చేసే మనిషి లీటర్లలో చెబుతాడు, రెక్కలు మోయాల్సింది కిలోలు. వెయ్యి లీటర్ల నీళ్లు వెయ్యి కిలోలే. అదే యూరియా-అమ్మోనియం నైట్రేట్ ద్రవ ఎరువైతే దాదాపు 1,300 కిలోలు. హాపర్ మీద గీత మాత్రం రెండింటికీ ఒక్కటే!

బరువు 10 శాతం పెరిగితే టేకాఫ్ దూరం సుమారు 20 శాతం పెరుగుతుంది. తడి గడ్డి ఇంకో 30 శాతం, 10 డిగ్రీలు పెరిగిన ఎండ ఇంకో 10 శాతం కలుపుతాయి. వీటిని కూడకూడదు, గుణించాలి. మామూలుగా 500 మీటర్లు చాలే విమానానికి అప్పుడు 860 మీటర్లు కావాలి.

పరిష్కారం: లోడ్ తగ్గించి ఒక ట్రిప్ ఎక్కువ వేయడం. దాంతోపాటు స్ట్రిప్ సగం దగ్గర ఒక జెండా పాతండి. నేల విడిచే వేగంలో 70 శాతం అక్కడికి రావాలి. 70 నాట్లకు (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్ల వేగం) లేచేదైతే జెండా దగ్గర 49 ఉండాలి. లేదంటే త్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే లీవర్) మూసేయండి. ఇంకాస్త చూద్దాం అనుకుంటే ఆగడానికి చోటు మిగలదు.

సమస్య: చక్రాలు లేచాయి గానీ విమానం పైకి పోవడం లేదు

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. నేలకు దగ్గరగా ఉన్నంతసేపు రెక్కల మీద డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) తక్కువగా ఉంటుంది, అందుకే చాలినంత వేగం లేకపోయినా విమానం లేచిపోతుంది. కాస్త పైకి వెళ్లగానే ఆ సాయం పోతుంది. ఎదురుగా చెట్లు కనిపిస్తాయి, చెయ్యి దానంతటదే స్టిక్‌ను (ముక్కును ఎత్తి దించే కర్రను) వెనక్కి లాగుతుంది. ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది, స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతాయి.

చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. స్టిక్ కొంచెం వదిలి, నేలకు దగ్గరగానే ఉంచి వేగం పెరగనివ్వాలి. చోటు చాలదనిపిస్తే వెంటనే డంప్ లీవర్ (హాపర్‌లోని మందును ఒక్కసారిగా వదిలేసేది) లాగాలి. ఎయిర్ ట్రాక్టర్ 802 లాంటి వాటిలో హాపర్‌కు సుమారు 3,000 లీటర్లు పడతాయి. కొన్ని క్షణాల్లో టన్నుల బరువు దిగిపోతుంది. ఆ క్షణంలో ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది, స్టిక్‌ను ముందుకు నొక్కి పట్టుకోవాలి. ఇది ముందే నీళ్లతో ప్రాక్టీస్ చేసి ఉండాలి. మందు ఖరీదు గుర్తొచ్చి చెయ్యి తటపటాయిస్తుంది, అందుకే ఎక్కడ డంప్ చేయాలో కదలకముందే నిర్ణయించుకోండి.

సమస్య: నిన్నటి లోడే, కానీ ఇవాళ చోటు చాలడం లేదు

విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) చూడండి. ట్యాక్సీ చేసే టైమ్ కలిసొస్తుందని లోడింగ్ దగ్గర నుంచే వెనక గాలితో లేచేవాళ్లు ఉన్నారు. లేచే వేగంలో పదో వంతు గాలి వెనక నుంచి వీచినా దూరం 20 శాతం పెరుగుతుంది.

సమస్య: పరుగులో ఒక పక్కకు లాగేస్తోంది

టెయిల్ వీల్ (తోక కింద చిన్న చక్రం) ఉండే విమానంలో బరువు ప్రధాన చక్రాల వెనక ఉంటుంది, కాబట్టి మొదలైన మెలిక దానంతటదే పెరుగుతుంది. రడ్డర్‌తో (ముక్కును పక్కలకు తిప్పే తోక పలకతో) చిన్న చిన్న దిద్దుబాట్లు, అవీ వెంటనే. టైర్లలో గాలి, టెయిల్ వీల్ లాక్ కూడా చూడండి.

సమస్య: లేచిన కాసేపటికే ఇంజిన్ శక్తి తగ్గింది

ఇంధనంలో నీళ్లున్నాయేమో చూడాలి. రోజూ మొదటి ఫ్లైట్‌కు ముందు, ఇంధనం నింపిన ప్రతిసారీ ట్యాంకు అడుగు నుంచి కాస్త గాజు సీసాలోకి వదలండి, నీళ్లుంటే అడుగున బుడగలా కనిపిస్తాయి. పిస్టన్ ఇంజిన్ అయితే కార్బ్యురేటర్‌లో (ఇంధనాన్ని గాలితో కలిపే భాగంలో) మంచు కూడా కారణం కావచ్చు. గాల్లో ఉండగా జరిగితే ముక్కు దించి, డంప్ చేసి, నేరుగా ముందుకే దిగండి. వెనక్కి తిరగొద్దు: ఎత్తు నిలుపుకుంటూ 45 డిగ్రీలు వాలితే స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది.

సమస్య: స్టిక్ విపరీతంగా బరువుగా ఉంది

చాలాసార్లు ల్యాండింగ్‌కు పెట్టిన ట్రిమ్ (స్టిక్ మీద భారం తగ్గించే అమరిక) అలాగే మిగిలిపోయి ఉంటుంది. లోడింగ్ పైపు తీయగానే ట్రిమ్, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) లీవర్లు ఒకసారి చేత్తో తాకి చూసుకోండి.