సముద్ర డేటాకు ఉమ్మడి పదపట్టిక: కాలమ్ శీర్షిక నుంచి కోడ్ దాకా

విశాఖ తీరంలో ఒకే వారం మూడు బృందాలు నీటి ఉష్ణోగ్రత కొలిచాయనుకుందాం. ఒకరి ఫైల్లో శీర్షిక ‘టెంప్’, ఇంకొకరిది ‘ఎస్ఎస్‌టీ’ (సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత), మూడోవారిది ‘నీటి వేడి’. మొదటిది సీటీడీ (లోతుతోపాటు ఉష్ణోగ్రత, విద్యుద్వాహకత కొలిచే పరికరం) పది మీటర్ల లోతున తీసింది. రెండోది ఉపగ్రహం చూసిన పైపొర. మూడోది బకెట్‌తో తోడిన నీళ్లలో థర్మామీటర్ ముంచి చూసింది. మూడింటినీ కలిపి గ్రాఫ్ గీస్తే గీత వస్తుంది, అర్థం రాదు. ఉమ్మడి పదపట్టికలో ప్రతి కొలతకూ ఒక కోడ్, ఆ కోడ్‌కు ఒకే నిర్వచనం ఉంటాయి. శీర్షిక ఎవరికి అలవాటైనది వాళ్లు పెట్టుకోవచ్చు, పక్కన కోడ్ ఉంటే చాలు.

ముందు శీర్షికలు పోగెయ్యండి

ఈ పనిని సమావేశంతో మొదలుపెడితే నిర్వచనాల చర్చలోనే పూట గడిచిపోతుంది. ముందు ఉన్న ఫైళ్లు తెరవండి. ఇరవై ముప్పై చాలు. ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో కాలమ్‌కు ఒక్కో వరుస ఇచ్చి ఇవి ఎక్కించండి: ఫైల్ పేరు, శీర్షిక (ఉన్నది ఉన్నట్టు, అచ్చుతప్పులతో సహా), యూనిట్, కనిష్ఠ గరిష్ఠ విలువలు, అయిదు నమూనా విలువలు, పరికరం, ఆ కాలమ్ నింపినవారు చెప్పిన అర్థం. చివరి గడికే ఎక్కువ రోజులు పడుతుంది. అయినా దాన్ని ఖాళీగా వదలకండి, వదిలితే తర్వాత చేసేదంతా ఊహే.

కనిష్ఠ గరిష్ఠాలు చూస్తేనే చాలా సంగతులు బయటపడతాయి. ‘ఆక్సిజన్’ కాలమ్ 200 దాకా పోతే అవి సాధారణంగా మైక్రోమోల్స్. 0 నుంచి 5 మధ్యే ఉంటే లీటరుకు మిల్లీలీటర్లో మిల్లీగ్రాములో నింపినవారే చెప్పాలి, ఎందుకంటే ఒక మిల్లీలీటరు దాదాపు 1.43 మిల్లీగ్రాములు, రెండూ ఆ పరిధిలోనే ఇముడుతాయి.

ప్రతి కొలతకూ నాలుగు ప్రశ్నలు

ఏ గుణం కొలిచారు? దేనిది? ఏ మాధ్యమంలో? ఎలా? ‘క్లోరోఫిల్’ అని రాసి ఉన్న కాలమ్‌ను ఇలా విప్పితే: గుణం గాఢత, పదార్థం క్లోరోఫిల్-ఏ, మాధ్యమం 0.7 మైక్రాన్ల గ్లాస్‌ఫైబర్ ఫిల్టర్ మీద నిలిచిన రేణువులు. పద్ధతి అసిటోన్‌తో తీసి ఫ్లోరోమీటర్‌లో చదవడం. నీళ్లలోకి దించిన ఫ్లోరోమీటర్ ఇచ్చే అంకె దీనితో ఒకటి కాదు. అది వెలుగును కొలిచి క్లోరోఫిల్‌గా అంచనా కడుతుంది, మిట్టమధ్యాహ్నం ఉపరితలంలో తక్కువ చూపిస్తుంది. రెండింటికీ ఒకే కోడ్ ఇస్తే మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

లవణీయత దగ్గర ఇంకో చిక్కు. ప్రాక్టికల్ లవణీయత విద్యుద్వాహకతల నిష్పత్తి నుంచి వస్తుంది కనుక దానికి యూనిట్ లేదు. చాలామంది రాసే ‘పీఎస్‌యూ’ అలవాటుగా వచ్చిందే తప్ప యూనిట్ కాదు. 2010 నుంచి అమల్లో ఉన్న టియోస్-10 (సముద్రజల గుణాలను లెక్కించే అంతర్జాతీయ ప్రమాణం) విధానంలోని ఆబ్సల్యూట్ లవణీయతకు కిలోకు గ్రాములు యూనిట్. ప్రాక్టికల్ 35 ఉన్నచోట అది దాదాపు 35.17. తేడా చిన్నది కాబట్టే కంటికి ఆనదు, కాబట్టే ప్రమాదం. భద్రపరిచే ఫైల్లో ప్రాక్టికల్ లవణీయతే ఉంచండి. ఆబ్సల్యూట్‌ను ఎప్పుడు కావాలంటే అప్పుడు లెక్కించుకోవచ్చు.

కొత్త కోడ్ పుట్టించే ముందు ఉన్నది వెతకండి

సముద్ర కొలతలకు పెద్ద దిక్కు ఎన్‌ఈఆర్‌సీ వొకాబులరీ సర్వర్, అంటే ఇలాంటి పదపట్టికలను ఆన్‌లైన్‌లో ఉంచే చోటు. లివర్‌పూల్‌లోని బ్రిటిష్ ఓషనోగ్రాఫిక్ డేటా సెంటర్ నడుపుతుంది. కొలతల పట్టిక పేరు పీ01, అందులో పదుల వేల కోడ్లున్నాయి. యూనిట్లకు పీ06, పరికరాల మోడళ్లకు ఎల్22, పరికరాల రకాలకు ఎల్05. పీ02 కూడా కొలతల పట్టికే కానీ కేటలాగ్‌లో వెతకడానికి చేసిన విశాలమైన వర్గాలవి. దాన్ని డేటా కాలమ్‌కు తగిలిస్తే పద్ధతి వివరం పోతుంది. కాలమ్‌కు పీ01, కేటలాగ్ వివరణకు పీ02. నెట్‌సీడీఎఫ్ (శాస్త్రీయ డేటాకు వాడే ఫైల్ రూపం) ఫైళ్లయితే వీటితోపాటు సీఎఫ్ ప్రామాణిక పేరు, అంటే ఆ ఫైళ్ల కోసం ఒప్పుకున్న కొలత పేరు, కూడా పెట్టాలి. అది లేకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు ఆ చరరాశిని గుర్తుపట్టవు.

పీ01లో వెతికేటప్పుడు ముందు పదార్థం పేరు, తర్వాత మాధ్యమం, చివర పద్ధతి ఇచ్చి జల్లెడ పట్టండి. పద్ధతి తెలియని పాత డేటాకు పద్ధతి చెప్పని సాధారణ కోడ్ తీసుకోండి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం కన్నా అది నయం. సరిపడే కోడ్ ఏదీ లేకపోతే నాలుగు ప్రశ్నల జవాబులతో ఆ సర్వర్ నిర్వాహకులకే కొత్త కోడ్ కోసం అభ్యర్థన పంపవచ్చు. సొంత కోడ్ పుట్టించడం ఆఖరి దారి.

చేపల పేర్లు

తీరంలో దిగిన చేపల లెక్కల్లో కొలతల కన్నా పేర్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. సముద్రంలో పడితే ఇలస, గోదావరికి ఎదురీదాక పడితే పులస. రెండూ టెన్యులోసా ఇలిషా. పేరును బట్టి రెండు జాతులుగా ఎక్కిస్తే లెక్క రెండుగా చీలుతుంది. పాత రికార్డుల్లో హిల్సా ఇలిషా అని ఉంటే మూడుగా చీలుతుంది. వంజరం దగ్గర దీనికి తిరగబడిన కథ: ఆ ఒక్క పేరుతో స్కాంబెరోమోరస్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు)లోని కమర్సన్, గుట్టాటస్ రెండూ అమ్ముడుపోతాయి.

జాతి పేరుకు ఆధారంగా వోర్మ్స్ అనే ప్రపంచ సముద్రజీవుల పట్టికలో ప్రతి పేరుకూ ఉండే సంఖ్య, ఆఫియా ఐడీ, తీసుకోండి. వందల పేర్లను ఒకేసారి సరిచూసే సాధనం ఆ సైట్‌లోనే ఉంది. అది ఇచ్చే ఫలితాల్లో అచ్చుగుద్దినట్టు కుదిరినవి ఒక పక్క, దగ్గరి పోలికతో కుదిరినవి ఒక పక్క పెట్టి, రెండో గుంపును మనిషి చూడాలి. ఒక అక్షరం తేడాతో పీత పేరు పురుగు పేరుగా మారిన సందర్భాలు ఉంటాయి. వంజరం అని మాత్రమే రాసి ఉండి నమూనా చేతిలో లేకపోతే ప్రజాతి స్థాయి ఐడీ దగ్గరే ఆగిపోండి.

తెలుగు పేర్లను పారెయ్యకండి. దిగిన చోట రాసేవారికి తెలిసినవి అవే. రికార్డులో మూలంలో రాసిన పేరు ఒక గడి, జాతి పేరు ఒక గడి, ఐడీ ఒక గడి. లోతుకూ ఇదే పద్ధతి: పడవవాళ్లు ‘పన్నెండు బారలు’ అని చెబితే ఆ మాట యథాతథంగా ఒక గడిలో, మీటర్లు ఇంకో గడిలో. నౌకాపటాల్లోని ఫాదమ్ 1.8288 మీటర్లు, చేతులు చాపి కొలిచిన బార అంత కచ్చితం కాదు, అందుకే మీటర్ల విలువ పక్కన ‘అంచనా’ అని ఉండాలి.

జతలు కలిపే చోట జాగ్రత్త

పదపట్టికల మధ్య సంబంధాలు యంత్రానికి అర్థమయ్యేలా రాయడానికి స్కోస్ అనే ప్రమాణం వాడతారు. ప్రతి భావనకు ఒక భాషలో ఒకే ప్రధాన పేరు, ఎన్నయినా మారుపేర్లు, ఒక నిర్వచనం. బయటి కోడ్‌తో జతకు ‘ఎగ్జాక్ట్‌మ్యాచ్’ (అచ్చంగా అదే), ‘క్లోజ్‌మ్యాచ్’ (దాదాపు అదే), ‘బ్రాడ్‌మ్యాచ్’ (బయటిది విశాలం), ‘నారోమ్యాచ్’ (బయటిది ఇరుకు) ఉన్నాయి. పులస, ఇలస ఒకే భావనకు మారుపేర్లుగా వెళ్తాయి. వంజరం సొంత భావన అవుతుంది. రెండు జాతులకూ దాని నుంచి నారోమ్యాచ్.

ఇక్కడ రెండు తప్పులు పదేపదే జరుగుతాయి. ఎగ్జాక్ట్‌మ్యాచ్ గొలుసులా పాకుతుంది: అ=ఆ, ఆ=ఇ అని రాస్తే యంత్రం అ=ఇ అని తీర్మానిస్తుంది. ఒక్క వదులు జతతో బకెట్ ఉష్ణోగ్రత, ఉపగ్రహ ఉష్ణోగ్రత ఒకటైపోతాయి. సందేహం ఉంటే క్లోజ్‌మ్యాచ్. రెండోది దిశ. ‘క బ్రాడర్ ఖ’ అంటే ఖ విశాలమైనది, క కాదు. ఎక్కించాక పది జతలు బయటికి చదివి చూడండి.

గడులు నింపే నియమాలు

తేదీ ఐఎస్ఓ 8601 రూపంలో (ఏడాది-నెల-రోజు వరుసలో), టైమ్‌జోన్‌తో. మన సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు కనుక 5వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు తీసిన నమూనా యూటీసీలో 4వ తేదీది.

అక్షాంశ రేఖాంశాలు దశాంశ డిగ్రీల్లో. విశాఖ దగ్గరి 17 డిగ్రీల 41 నిమిషాలను 17.41 అని రాయడం అతి మామూలు తప్పు; అసలు విలువ 17.683. తేడా 30 కిలోమీటర్లు. 83 డిగ్రీల 17 నిమిషాలను కూడా 83.17 అని రాస్తే ఆ చుక్క సముద్రంలోనే పడుతుంది, కాబట్టి నేల మీద పడ్డ చుక్కల కోసం వెతికే తనిఖీకి దొరకదు. చుక్క తర్వాతి రెండంకెలు 60 దాటనివే ఫైలంతా కనిపిస్తే అనుమానించండి.

ఆక్సిజన్‌ను మిల్లీలీటర్ల నుంచి లీటరుకు మైక్రోమోల్స్‌లోకి మార్చడానికి 44.66తో గుణించాలి. కిలోకు మైక్రోమోల్స్ కావాలంటే సాంద్రతతో భాగించాలి. నదుల నీరు కలిసే ఉత్తర బంగాళాఖాతంలో 1.025 అనే గుడ్డి సంఖ్య వాడకండి, ఆ నమూనా ఉష్ణోగ్రత, లవణీయతల నుంచి లెక్కించండి.

నాణ్యత జెండాల్లో (విలువ ఎంత నమ్మదగినదో చెప్పే అంకెల్లో) అంకెతోపాటు పథకం పేరు తప్పనిసరి. యూరప్ సముద్ర డేటా కేంద్రాల సీడేటానెట్ పథకంలో 2 అంటే ‘బహుశా మంచిది’. యునెస్కో సముద్ర డేటా మార్పిడి కార్యక్రమం ఐఓడీఈ పథకంలో 2 అంటే ‘పరీక్షించలేదు’. పేరు లేని 2 రెండు చోట్లా చెల్లుబాటవుతుంది, ఒకచోట అబద్ధం చెబుతుంది. లేని విలువకు సున్నా వద్దు. వెతికినా దొరకని చేపకు ‘లేదు’ అని రాయండి, వెతకనే లేదంటే వరుసే వద్దు.

జీవుల డేటాను ఓబిస్‌కు (సముద్రజీవుల ప్రపంచ డేటా భాండారం) పంపాలంటే డార్విన్ కోర్ అనే ప్రామాణిక రూపం కావాలి: నమూనా తీసిన సందర్భాలు ఒక పట్టిక, దొరికిన జీవులు ఒక పట్టిక, కొలతలు మూడో పట్టిక. మూడో పట్టికలో కొలత రకానికీ యూనిట్‌కూ పక్కన వొకాబులరీ సర్వర్ కోడ్ పడాలి. మొత్తం డేటాసెట్ వివరణకు (మెటాడేటాకు) ఐఎస్ఓ 19115 ప్రమాణం. భౌతిక కొలతలను హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు ఇస్తున్నట్టయితే వారి ఫారంలోని గడులను ముందే తెప్పించుకుని మీ పట్టికతో జత చేసుకోండి.

తెలుగు లిపి వల్ల వచ్చే తంటాలు

ఫైల్‌ను అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో భద్రపరచండి. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు చెత్తగా కనిపించవచ్చు, దిగుమతి మార్గంలో తెరవండి. కంటికి ఒకేలా ఉన్న రెండు పేర్లు యంత్రానికి వేరు కావచ్చు. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రెండు గుర్తులుగానూ నిల్వ చేసే వీలుంది. పొల్లు తర్వాత కొందరి కీబోర్డు అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనిపించని జోడునిరోధక గుర్తు పెడుతుంది. పోల్చే ముందు అన్నిటినీ యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడి గుర్తులను వీలైనచోట ఒకటిగా కలిపే రూపం) మార్చి, ఆ కనిపించని గుర్తును తీసేసిన నకలుతో పోల్చండి. మూలంలో మాత్రం చెయ్యి పెట్టకండి.

పట్టికను నిలబెట్టడం

ఒక సంపాదకుడు, ఆ శాఖ తెలిసిన ఇద్దరు పరిశీలకులు చాలు. పెద్ద కమిటీలో కొత్త పదం నెలల తరబడి నానుతుంది, ఈలోపు జనం తమ సొంత పేరు పెట్టేసుకుంటారు. ప్రతి మార్పుకూ తేదీ, కారణం రాసి గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) ఉంచండి. కోడ్‌లో అర్థం ఇరికించకండి. ‘చేప-ఇలస-01’ కన్నా ‘0147’ మేలు, జాతి పేరు మారినా అది మారక్కర్లేదు. అయితే ముందు సున్నా ఉన్న కోడ్‌ను ఎక్సెల్ సంఖ్యగా తీసుకుని 147 చేసేస్తుంది కనుక ముందొక అక్షరం పెట్టండి. వాడుకలోకి వెళ్లిన కోడ్‌ను తుడిచెయ్యకండి, వేరే అర్థానికి మళ్లీ వాడకండి. ‘విరమించింది’ అని గుర్తుపెట్టి, దాని బదులు ఏది వాడాలో చూపించండి.

విడుదలకు ముందు ఒక పరీక్ష పెట్టండి. ఆ పడవ ఎక్కని, ఆ ల్యాబ్‌లో లేని ఒకరికి ఫైలూ మెటాడేటా మాత్రమే ఇచ్చి, అందులోని ఆక్సిజన్‌ను కిలోకు మైక్రోమోల్స్‌లోకి మార్చమనండి, వంజరం లెక్క జాతులవారీగా తీయమనండి. వాళ్లు ఫోన్ చేసి అడిగిన ప్రతి ప్రశ్ననూ మెటాడేటాలో ఒక గడిగా చేర్చండి.