స్ప్లిట్ కీబోర్డు కొనేముందు రెండు మామూలు కీబోర్డులతో పరీక్ష

స్ప్లిట్ కీబోర్డు, అంటే ఎడమ, కుడి చేతుల కీలు విడివిడిగా ఉండేది, మీ చేతులకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి రెండు మామూలు యూఎస్‌బీ కీబోర్డులు చాలు. ఒకటి ఇంట్లోనే ఉంటుంది. రెండోదానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి, నంబర్ ప్యాడ్ లేని చవకరకం అడగండి. దాన్ని ఎడమవైపు పెట్టి, ఎడమచేత్తో దానిపైన, కుడిచేత్తో రెండోదానిపైన కొట్టాలి. ఎడమదానికి నంబర్ ప్యాడ్ ఉంటే అది మధ్యలోకొచ్చి, చూపుడువేళ్ళు ఆనే ఎఫ్‌కీ జె‌కీ మధ్య దూరం దాదాపు 50 సెం.మీ. అవుతుంది, భుజాలు లాగేస్తాయి. 30 సెం.మీ. వెడల్పుదైతే ఆ దూరం 35 దగ్గర ఆగుతుంది.

రెండింటినీ ఒకే కంప్యూటర్‌కు పెట్టండి. విండోస్‌లో ఎడమ కీబోర్డు షిఫ్ట్ పట్టుకుని కుడిదానిపై అక్షరం నొక్కితే పెద్దక్షరం పడుతుంది. మ్యాక్‌లో పడదు. అక్కడ కారబైనర్ ఎలిమెంట్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోవాలి.

వెనక మడతకాళ్ళు మూసేయండి, అవి మణికట్టును పైకి వంచుతాయి. మణికట్టు ముంజేతికి తిన్నగా ఉండేదాకా రెండు కీబోర్డులనూ కొంచెం తిప్పండి. రెండు మూడు రోజులు ఇలా అలవాటయ్యాకే వాలు సంగతి చూడండి. లోపలి అంచు కింద పుస్తకం పెట్టి 3 సెం.మీ. లేపితే, 30 సెం.మీ. కీబోర్డుకు సుమారు 6 డిగ్రీల వాలు వస్తుంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: కుడివైపు నంబర్ ప్యాడ్ ఉన్న పెద్ద కీబోర్డును అంతే వాలుకు లేపితే, కుడి చెయ్యి ఎడమదానికంటే 2 సెం.మీ. ఎత్తులో పడుతుంది. వాలు పరీక్షకు రెండూ చిన్నవే కావాలి. పుస్తకం మీద జారకుండా రబ్బరు మ్యాట్ ముక్క వేయండి.

రోజుకు 20 నిమిషాలు, వారం రోజులు చాలు. మొదట్లో వేగం పడిపోతుంది, కంగారు పడకండి. కుడి కీబోర్డులోని బి మీద టేపు ముక్క అంటించండి. స్ప్లిట్‌లో బి సాధారణంగా ఎడమ ముక్కలో ఉంటుంది. కుడి చూపుడువేలు దాన్ని తగిలిన ప్రతిసారీ పాత అలవాటు ఎంత బలంగా ఉందో తెలిసిపోతుంది.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో (అచ్చుల గుర్తులు ఎడమవైపు, హల్లులు ఎక్కువగా కుడివైపు ఉండే కీల అమరిక) కొట్టేవాళ్ళకు ఈ విడదీత హాయిగా ఉంటుంది. ‘కాకి’ కొట్టి చూడండి: క కుడిచేతికి, దీర్ఘం ఎడమకు, మళ్ళీ క కుడికి, గుడి ఎడమకు. మ, న, వ మాత్రం ఎడమవైపు అడుగు వరుసలోవి; ఆ వ ఉన్నది బి మీదే.

వారం తర్వాత ఎఫ్, జెల మధ్య దూరాన్ని కొలత టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. ఆ దూరం మరీ ఎక్కువగా అనిపిస్తే, మధ్యలో విడిపోయినట్టుండే ఒకే ముక్క కీబోర్డు సరిపోవచ్చు. ఆ దూరం సుఖంగా ఉంటేనే రెండు ముక్కలది. విడి భాగాలు కొని సొంతంగా టంకం పెట్టుకునేవాళ్ళు 42 కీల కార్న్‌కు వెళ్ళకుండా, అంకెల వరుస ఉన్న 58 కీల లిలీ58 అనే స్ప్లిట్ కీబోర్డుతో మొదలుపెట్టడం మేలు. కీకొక 1ఎన్4148 డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) కావాలి, కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. డయోడు మీది నల్ల గీత అన్నింటికీ బోర్డు మీది గుర్తు వైపే ఉండాలి, తిరగబడితే ఆ కీ పనిచేయదు. రెండు ముక్కల్ని కలిపే టీఆర్‌ఆర్‌ఎస్ వైరును యూఎస్‌బీ తీసేశాకే పెట్టండి, తీయండి. కరెంటు ఉండగా లాగితే షార్టయి కంట్రోలర్ కాలిపోవచ్చు.