యుద్ధ సమయంలో ఓడతో పాటు సరుకు పట్టుబడితే పరిహారం కోరే విధానం

2024 ఏప్రిల్ 13న హోర్ముజ్ జలసంధి సమీపంలో ఇరాన్ బలగాలు హెలికాప్టర్ నుంచి దిగి ఎమ్‌ఎస్‌సీ ఏరీస్ అనే కంటైనర్ ఓడను స్వాధీనం చేసుకున్నాయి. ఓడలోని 25 మంది సిబ్బందిలో 17 మంది భారతీయులు కావడంతో దేశం దృష్టి వారి క్షేమం మీదే నిలిచింది, అది న్యాయమే. అయితే ఆ కంటైనర్లలో సరుకున్న వ్యాపారులకు కూడా ఆ రోజే ఒక గడియారం తిరగడం మొదలైంది. విశాఖ నుంచి రొయ్యలు, కాకినాడ నుంచి బియ్యం పంపే మన ఎగుమతిదారులకు ఇదే పరిస్థితి ఎదురైతే, మొదటి వారంలో రాసే ఉత్తరాల మీదే పరిహారం చాలావరకు ఆధారపడుతుంది.

ముందుగా నష్టం ఎవరిదో తేల్చుకోవాలి. ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేవరకే అమ్మకందారు ఖర్చులు భరించే ఒప్పందం) అయినా, సీఐఎఫ్ (ధరలోనే బీమా, ఓడ కిరాయి కలిసి ఉండే ఒప్పందం) అయినా, సరుకు ఓడలోకి ఎక్కిన క్షణం నుంచి నష్టభయం కొనుగోలుదారుదే. సీఐఎఫ్ ఒప్పందంలో సరుకు దారిలో పోయినా, పత్రాలు సక్రమంగా అందితే కొనుగోలుదారు డబ్బు చెల్లించవలసిందే. బీమా పాలసీ ఎండార్స్‌మెంట్‌తో, అంటే వెనుక సంతకం చేసి బదిలీ చేయడంతో, అతని చేతికి వెళ్తుంది కనుక క్లెయిమ్ కూడా అతనే చేసుకుంటాడు. అతను పత్రాలు తీసుకోకుండా తప్పుకుంటే పాలసీ, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కినట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) రెండూ మీ దగ్గరే ఉంటాయి కాబట్టి, వాటిని ఎవరికీ ఇవ్వకుండా భద్రపరిచి మీరే క్లెయిమ్ వేయాలి.

తరువాత పాలసీ తీసి అందులో జతచేసిన క్లాజుల పేర్లు ఒక్కొక్కటిగా చదవాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సరుకు బీమాలో వాడే ప్రామాణిక షరతుల్లో అన్నిటికన్నా విస్తృతమైన ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ ‘ఎ’ అని కనబడగానే అన్ని ప్రమాదాలకూ రక్షణ ఉందనుకుంటారు కానీ, దానిలోని 6వ క్లాజు యుద్ధాన్ని, ఓడను పట్టుకోవడాన్ని, నిర్బంధించడాన్ని స్పష్టంగా మినహాయిస్తుంది. సీఐఎఫ్ అమ్మకందారు చేయించవలసిన కనీస బీమా అంతకన్నా తక్కువైన ‘సి’ క్లాజులే. కొనుగోలుదారు ప్రత్యేకంగా అడిగి ఖర్చు భరిస్తే తప్ప యుద్ధ బీమా అందులో ఉండదు. కనుక ఇన్‌స్టిట్యూట్ వార్ క్లాజెస్ కార్గో అన్న పంక్తి పాలసీలో విడిగా ఉందో లేదో చూసుకోవాలి. ఉన్నా, ఆ రక్షణ సరుకు ఓడ మీద ఉన్నంతవరకే వర్తిస్తుంది. చివరి రేవుకు చేరాక దింపకపోయినా 15 రోజులతో ముగిసిపోతుంది. గోదాములో ఉన్న సరుకుకు అది పనికిరాదు.

ఓడ పట్టుబడినట్టు నమ్మదగిన సమాచారం అందగానే బీమా సంస్థకు ‘నోటీస్ ఆఫ్ అబాండన్‌మెంట్’ ఇవ్వాలి, అంటే సరుకు మీద హక్కును సంస్థకు వదిలి పూర్తి నష్టం కోరుతున్నామని తెలియజేయాలి. మన 1963 సముద్ర బీమా చట్టంలోని 62వ సెక్షన్ ప్రకారం, ఈ నోటీసు తగిన శ్రద్ధతో ఇవ్వకపోతే నష్టాన్ని పాక్షికంగానే పరిగణిస్తారు. చట్టం నోటిమాటను కూడా ఒప్పుకుంటుంది గానీ, నోటిమాటను నమ్ముకోవద్దు. ఓడ పేరు, బిల్ ఆఫ్ లేడింగ్ నంబరు, కంటైనర్ నంబరు, పట్టుబడిన తేదీ రాసి ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. సంస్థ దాదాపు ఎప్పుడూ నోటీసును తిరస్కరిస్తుంది. అందువల్ల మీ హక్కు పోదు. ఆ తిరస్కరణ ఉత్తరంలోనే, ఈ రోజే దావా వేసినట్టు భావిస్తామన్న హామీని అడిగి తీసుకోండి.

ఈ హామీ ఎందుకంత ముఖ్యమో 1912లో పట్టుబడిన పొలూరియన్ అనే ఓడ కేసు చెబుతుంది. కాన్‌స్టాంటినోపుల్‌కు బొగ్గు తీసుకువెళ్తున్న ఆ ఓడను బాల్కన్ యుద్ధంలో గ్రీకు నౌకాదళం పట్టుకుని, కొన్ని వారాల తరువాత విడిచిపెట్టింది. దావా వేసిన నాటికి ఓడ తిరిగి రావడం అనుమానాస్పదమే తప్ప, రాకపోవడమే ఎక్కువ సంభావ్యమని రుజువు కాలేదంటూ ఇంగ్లండు కోర్టు యజమానుల వాదనను తోసిపుచ్చింది. పరిస్థితిని కొలిచేది దావా తేదీన కాబట్టి, ఆ రోజున సరుకు తిరిగి వచ్చే ఆశ ఎందుకు లేదో చూపే ప్రభుత్వ ప్రకటనలు, ఓడ కంపెనీ సర్క్యులర్లు, ఏజెంటు ఉత్తరాలు తేదీలవారీగా పోగుచేసుకోవాలి.

రొయ్యల ఎగుమతిదారులు మరొక జాగ్రత్త తీసుకోవాలి. మైనస్ 18 డిగ్రీల వద్ద ఉండవలసిన రీఫర్ (శీతల) కంటైనర్, పట్టుబడిన ఓడ మీద వారాల తరబడి నిలిచిపోతే, సరుకు పాడైంది ఆలస్యం వల్లనని సంస్థ వాదించవచ్చు. ఆలస్యం వల్ల కలిగే నష్టానికి వార్ క్లాజులు చెల్లించవు. కాబట్టి కంటైనర్ ఉష్ణోగ్రత లాగ్‌ను ఓడ కంపెనీ నుంచి వెంటనే కోరి, నష్టానికి మూలం నిర్బంధమేనని మీ ఉత్తరాలన్నింటిలో ఒకే మాటగా రాయాలి.

ఎగుమతిదారులకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ పాలసీ ఉంటే, అది డబ్బు రాకపోవడానికి సంబంధించినదే తప్ప సరుకు నష్టానికి మెరైన్ బీమాకు బదులు కాదని గుర్తుంచుకోవాలి. ఓడ కంపెనీ నుంచి నేరుగా పరిహారం రావడం అరుదు, ఎందుకంటే యుద్ధ చర్యలకు, ప్రభుత్వాల నిర్బంధానికి రవాణాదారు బాధ్యుడు కాడని సముద్ర రవాణా నిబంధనలే చెబుతాయి. అయినా దాని మీద దావాకు సరుకు అప్పగించవలసిన తేదీ నుంచి ఒక సంవత్సరమే గడువు. ఆ హక్కును మీరు జారవిడిస్తే, రేపు మీకు డబ్బు చెల్లించి, ఓడ కంపెనీ మీద దావాలో మీ స్థానంలో నిలబడవలసిన బీమా సంస్థ దాన్నే సాకుగా చూపి క్లెయిమ్ తగ్గించవచ్చు. గడువు పొడిగింపును ఓడ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు తుది నివేదిక కోసం వేచి ఉండండి.