తిరుపతిలో ‘డిపో’ అంటే ఏ డిపో?

తిరుపతికి కొత్తగా వచ్చినవారితో ఎవరైనా ‘డిపో దగ్గరకు రండి’ అంటే, ఆటో ఎక్కే ముందే ‘ఏ డిపో?’ అని అడిగి తెలుసుకోవడం మంచిది. ఫ్రెంచివారి ‘దెపో’కు దించి ఉంచడం, దాచిన సొమ్ము, గిడ్డంగి, చివరకు ద్రవం అడుగున పేరుకున్న మడ్డి కూడా అర్థాలే. ఇంగ్లీషు మీదుగా మన దాకా వచ్చేసరికి వాటిలో ‘నిల్వ ఉంచే చోటు’ అన్నదే ముఖ్యంగా మిగిలింది. కనుక అక్కడ ఏమి ఉంచుతారో చెప్పే, ‘డిపో’కు ముందు వచ్చే మాటను పట్టుకుంటే చిక్కు చాలావరకు వీడుతుంది.

ముందు ఏ మాటా లేకుండా ఉత్త ‘డిపో’ అంటే సాధారణంగా ఆర్టీసీ డిపోయే. అయితే అది బస్సులను నిలిపి, మరమ్మతులు చేసి, డ్రైవర్లకూ కండక్టర్లకూ డ్యూటీలు వేసే చోటు. మదనపల్లెకో శ్రీకాళహస్తికో వెళ్లవలసినవారు పోవలసింది బస్టాండుకు. తిరుపతి, తిరుమల, అలిపిరి, మంగళం అని ఇక్కడ డిపోలు వేరువేరుగా ఉన్నాయి. చిత్తూరులో వన్, టూ అంటారు. 2022లో కొండకు వేసిన ఎలక్ట్రిక్ బస్సులు అలిపిరి డిపోవి. బస్సులో సంచి మరచినవారికి ఈ తేడా బాగా అక్కరకు వస్తుంది: చిత్తూరులో ఎక్కి తిరుపతిలో దిగినా ఆ బస్సు మూడో ఊరి డిపోది కావచ్చు గనుక, ఎక్కిన ఊరినీ దిగిన ఊరినీ పక్కనబెట్టి, టికెట్టు మీద అచ్చయిన డిపో పేరు చూసి అక్కడ విచారించాలి. టికెట్టును దిగగానే పారవేయకపోవడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

మాటల్లో కార్డు, బియ్యం వస్తే డిపో అంటే చౌకధరల దుకాణం. 2021లో మొదలైన ఇంటింటి బండ్లను ఆపి, 2025 జూన్ నుంచి సరుకులు మళ్లీ దుకాణాల్లో ఇస్తున్నారు కనుక, డిపో నంబరు గుర్తుంచుకోవడం మంచిది. అటవీశాఖవారు డిపో అంటే దుంగల నిల్వ. శేషాచలం ఎర్రచందనం విషయంలో వినబడేది ఈ అర్థమే.

వైద్యులు వాడే ‘డిపో ఇంజెక్షన్’కు మాత్రం వెతుక్కుంటూ పోవలసిన చోటేదీ లేదు. అది ఒంట్లోనే నిల్వగా ఉండి, కొద్దికొద్దిగా రక్తంలో కలిసే మందు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో 3 నెలలకొకసారి వేసే గర్భనిరోధక సూది ఈ కోవదే. చీటీలో ఆ మాట కనబడితే, తరువాతి సూది తేదీని అప్పుడే రాయించుకోవాలి.