చలికాలపు సెలవుల్లో ఇంటిని మసాలా దినుసులతో, పైన్ రెమ్మలతో పరిమళింపజేయడం ఎలా?

చలికి తలుపులన్నీ బిగించుకుని కూర్చుంటే ఇంట్లో గాలి ముక్కిపోయినట్టవుతుంది. దానికి సీసాలో దొరికే స్ప్రేలు అక్కర్లేదు. ఒక గిన్నెడు నీళ్లు, కాసిని దినుసులు, రెండు పచ్చి రెమ్మలు చాలు. అయితే ముందు ఓ ఐదు నిమిషాలు కిటికీలు తెరిచి పాత గాలిని పోనివ్వండి. పరిమళం చెడు వాసనను కప్పుతుందే కానీ పోగొట్టదు.

1. దినుసులు ఎంచుకోండి

లీటరు నీళ్లకు రెండు దాల్చిన చెక్క ముక్కలు, ఆరేడు లవంగాలు, ఒక అనాసపువ్వు, ఒక కమలాపండు తొక్క తీసుకోండి. పొడులు మాత్రం వద్దు, అడుక్కి చేరి మాడతాయి. దాల్చిన చెక్కలో సినమాల్డిహైడ్, లవంగంలో యూజినాల్, కమలా తొక్కలో లిమొనీన్ అనే పదార్థాలు ఉంటాయి. మనకు తెలిసే ఆ వాసనలు ప్రధానంగా వీటివే. దినుసుల్ని కచ్చాపచ్చాగా నలిపితే ఇవి త్వరగా బయటికొస్తాయి. లవంగాలు ఎక్కువైతే మిగతావేవీ ముక్కుకు తెలియవు, అందుకే వాటి దగ్గర చెయ్యి బిగపట్టడం మంచిది.

2. పచ్చి రెమ్మలు

సూదుల్లాంటి ఆకులుండే పైన్, ఫర్ చెట్ల రెమ్మలు జానెడు పొడవున రెండు చాలు. అవి దొరక్కపోతే రోజ్‌మేరీ అనే సువాసన మొక్క రెమ్మలు వాడండి. పైన్‌కు దాని వాసననిచ్చే పైనీన్ అనే పదార్థం రోజ్‌మేరీలోనూ ఉంది. మందు కొట్టిన చెట్టు కొమ్మలు వద్దు. చూడ్డానికి ఇలాగే ఉండే యూ చెట్టు ఆకులు విషం కాబట్టి, ఏ చెట్టుదో కచ్చితంగా తెలియని రెమ్మను ఇంట్లోకే తేకండి.

3. సన్న సెగ మీద పెట్టండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. నీళ్లు మరిగాక దినుసులు వేసి మంట బాగా తగ్గించండి. పైకి సన్నగా ఆవిరి లేస్తుంటే చాలు, తెర్లనక్కర్లేదు. పావుగంటయ్యాక కమలా తొక్క, చివర్లో రెమ్మలు వేయండి. తేలికపాటి వాసనలు తొందరగా ఎగిరిపోతాయి కాబట్టే ఈ వరస. రెమ్మల జిగురు గిన్నెకు అంటుకుంటుంది, పాత గిన్నె వాడండి. ఇరవై నిమిషాలకోసారి నీళ్లు చూసి పోయండి. పొయ్యి వెలిగించి బయటికి వెళ్లకండి, నిద్రపోకండి. ఈ నీళ్లు తాగేవి కావు. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు మళ్లీ పనికొస్తాయి.

4. పొయ్యి లేకుండా

కమలాపండుకు టూత్‌పిక్‌తో చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో ఒక్కో లవంగం గుచ్చండి. పండు ఎండేకొద్దీ ముడుచుకుంటుంది కాబట్టి లవంగాల మధ్య కొంచెం జాగా వదలండి. గాలాడే చోట ఉంచి రోజూ తిప్పుతుంటే కొన్ని వారాలకు గట్టిపడి, చాలాకాలం పరిమళిస్తుంది. అక్కడక్కడా నాలుగు గుచ్చి వదిలేస్తే కొద్ది రోజుల్లోనే కుళ్లుతుంది.

మిగిలిన రెమ్మల్ని నీళ్లు పోసిన కూజాలో నిలబెట్టండి. హీటర్‌కు, కొవ్వొత్తులకు దూరంగా ఉంచడం మరవద్దు, ఎండిన పైన్ ఇట్టే అంటుకుంటుంది.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే కిటికీ ఓరగా తీసి, గిన్నెను కాసేపే పొయ్యి మీద పెట్టండి. పిల్లి ఉంటే గాఢమైన సుగంధ తైలాల జోలికి పోవద్దు. వాటిలోని కొన్ని పదార్థాలను సరిగా విడగొట్టే శక్తి దాని కాలేయానికి లేదు. ఇక, గంటయ్యాక వాసన తగ్గిందనిపిస్తే వెంటనే మరో గుప్పెడు దినుసులు వేయకండి. ముక్కు అలవాటు పడిందంతే. ఓసారి బయటికెళ్లి రండి, అప్పటికీ వాసన తెలియకపోతే మరో దాల్చిన చెక్క ముక్క వేయండి.