కేబుల్ స్టీరింగ్ పాత బోటుకు ఆటోపైలట్ పెట్టాలంటే

నాది పాత బోటు. వెనక ఒక అవుట్‌బోర్డ్ ఇంజన్ (బోటు బయట బిగించేది, తానే పక్కకు తిరిగి బోటును మళ్లిస్తుంది), డాష్ వెనక గేర్లున్న హెల్మ్ (స్టీరింగ్ చక్రం తిప్పే పెట్టె), ఆ రెండిటికీ మధ్య ఒక పుష్-పుల్ కేబుల్. స్టీరింగ్ అంటే అంతే. ఇలాంటిదానికి ఆటోపైలట్ పెడతానంటే చాలామంది "ముందు హైడ్రాలిక్‌కి మార్చేయ్" అంటారు, అంటే కేబుల్ బదులు నూనె ఒత్తిడితో తిరిగే స్టీరింగ్. మార్చవచ్చు, కానీ అంతకంటే ముందు ఉన్న స్టీరింగ్ సంగతి తేల్చుకోవాలి. చక్రంలో ప్లే (చక్రం తిరిగినా ఇంజన్ కదలని వదులు) ఉంటే మన చేతులు మనకు తెలియకుండానే సర్దుకుపోతాయి. ఆటోపైలట్ మోటారుకు ఆ ఇంగితం లేదు.

ఇంజన్ ఆపి, వెనక ఒకరిని నిలబెట్టండి. చక్రం అంచుకు టేపు ముక్క అంటించి మెల్లగా అటూ ఇటూ కదపండి. ఇంజన్ కదిలేలోపు టేపు ఎంత దూరం జరిగిందో అదే మీ ప్లే. నా లెక్కలో రెండు వేళ్ల వెడల్పు దాటితే ఆటోపైలట్ కొనడం ఆపి, ఆ డబ్బు స్టీరింగ్ మీద పెట్టాలి.

తర్వాత కేబుల్‌ని ఇంజన్‌కు కలిపే లింక్ రాడ్ విప్పండి. ఇప్పుడు ఇంజన్‌ని పట్టుకుని తిప్పితే ఒంటి చేత్తో తిరగాలి. ఇంజన్ తేలిగ్గా తిరిగి, చక్రం మాత్రం టైటుగా ఉంటే తప్పు కేబుల్‌లోనో టిల్ట్ ట్యూబ్‌లోనో (ఇంజన్ బిగింపులో కేబుల్ రాడ్ దూరే గొట్టం) ఉన్నట్టు. ఎక్కువసార్లు టిల్ట్ ట్యూబే. పాత గ్రీజు, ఉప్పు కలిసి లోపల సిమెంటులా గట్టిపడతాయి. రాడ్‌ని బయటికి లాగి, ట్యూబ్‌లో పట్టే బ్రష్‌తో గీకి, కొత్త మెరైన్ గ్రీజు పెట్టండి. గ్రీజు నిపుల్ (గ్రీజు గన్ పెట్టే మూతి) ఉంటే ఒక జాగ్రత్త: కేబుల్ రాడ్ పూర్తిగా లోపలికి వెళ్లి ఉన్నప్పుడే గ్రీజు కొట్టాలి. బయటికి చాచి ఉన్నప్పుడు కొడితే గ్రీజు ఎటూ పోలేక స్టీరింగే బిగుసుకుపోవచ్చు. కేబుల్ పైకవరు పగిలి తుప్పు కనిపిస్తే నూనె పోసి బతికించాలని చూడకండి, కొత్తది వేయండి. లింక్ రాడ్ బిగించేటప్పుడు లాక్ నట్లు కూడా కొత్తవే వాడండి.

ఏ డ్రైవ్ (ఆటోపైలట్ తరఫున స్టీరింగ్ తిప్పే మోటారు) కొనాలన్నది హెల్మ్ రకాన్ని బట్టి ఉంటుంది. రాడ్ బిగించాక ఇంజన్‌ని చేత్తో పక్కకు తోయండి. డాష్ దగ్గర చక్రం కూడా తిరిగితే మామూలు హెల్మ్. ఎంత తోసినా చక్రం కదలకపోతే అది నో-ఫీడ్‌బ్యాక్ రకం. ప్రొపెల్లర్ లాగుడు చేతికి తగలకుండా లోపల ఒక క్లచ్ పట్టేస్తుంది. ఇంజన్ దగ్గర నుంచి కేబుల్‌ని తోసే డ్రైవ్‌ను దీనికి పెడితే మోటారు తోస్తూనే ఉంటుంది, హెల్మ్ కదలనివ్వదు. అలాంటప్పుడు హెల్మ్ మార్చాలి, లేదా చక్రం షాఫ్టును తిప్పే డ్రైవ్ తీసుకోవాలి. షాఫ్టు దగ్గర బిగించడం సులువే, కానీ కేబుల్ ప్లే మొత్తం మోటారుకూ ఇంజన్‌కూ మధ్యే ఉండిపోతుంది. అందుకే నా ఓటు వెనక డ్రైవ్‌కే. ఆక్టోపస్ లాంటి కంపెనీలు కేబుల్ స్టీరింగ్ కోసమే డ్రైవ్‌లు చేస్తాయి. ఆటోపైలట్ కంప్యూటర్ ఇంకో కంపెనీది అయినా ఫర్వాలేదు. మోటారు వోల్టేజీ, ఆంప్స్, డ్రైవ్‌ను స్టీరింగ్ నుంచి విడదీసే క్లచ్ సరిపోతున్నాయో లేదో మాత్రం చూసుకోండి.

కేబుల్, హెల్మ్ రెండూ అరిగిపోయి ఉంటే మాత్రం హైడ్రాలిక్‌కు వెళ్లడమే లాభం. అప్పుడు ఆటోపైలట్ నూనె పంపును స్టీరింగ్ సిలిండర్ ఎన్ని సీసీలో చూసి ఎంచుకోవాలి. పెద్దది మంచిదేగా అనుకుంటే స్టీరింగ్ మరీ వేగంగా తిరిగి బోటు కుదురుగా పోదు.

దిక్సూచి సెన్సర్‌ను బోటు మధ్యలో, వీలైనంత కిందుగా పెట్టండి. స్పీకర్లు, ఇంజన్, ఇనుప లంగరు, లావు కరెంటు తీగలకు కనీసం 1 మీటరు దూరం ఉండాలి. స్క్రూలు వేయకముందే అక్కడ చేతి దిక్సూచి ఒకటి ఉంచి, రేడియో, వైపరు, పంపులు ఒక్కొక్కటీ ఆన్ చేయించండి. ముల్లు జరిగితే చోటు మార్చండి. పానాలు, స్పానర్లు పడేసే అర పక్కన అసలే వద్దు.

కరెంటు విడి ఫ్యూజుతో, లావు తీగతో తీసుకోండి. మోటారు లోడ్ తీసుకున్నప్పుడు వోల్టేజీ పడిపోతే కంప్యూటర్ రీసెట్ అవుతుంది. బోటు పరికరాలను కలిపే ఎన్‌ఎంఈఏ 2000 నెట్‌వర్క్ అయితే రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు (తీగ చివర పెట్టే రెసిస్టర్లు) ఉండాలి. పవర్ ఆపి రెండు సిగ్నల్ తీగల మధ్య మీటరు పెడితే దాదాపు 60 ఓమ్‌లు చూపాలి. 120 చూపిందంటే ఒక టెర్మినేటర్ లేనట్టే.

ఒడ్డున కట్టి ఉండగానే దిశ పరీక్షించండి. కుడికి 10 డిగ్రీలు నొక్కితే బోటు కుడికి మళ్లేలా ఇంజన్ తిరగాలి. అటుది ఇటైతే డ్రైవ్ మోటారు తీగలు మార్చండి. తిరిగే హద్దులను గట్టి స్టాపులకు (ఇంజన్ ఇక తిరగలేని చోటుకు) కొన్ని డిగ్రీల ముందే సెట్ చేయండి. ఆటోపైలట్ ఆపగానే చక్రం మునుపటిలా చేతికి రావాలి. రాకపోతే నీళ్లలోకి వెళ్లవద్దు.

నీళ్లు నిలకడగా ఉన్న రోజు మెల్లగా గుండ్రంగా తిరుగుతూ దిక్సూచి కాలిబ్రేషన్ చేయండి. తర్వాత తిన్నగా పోనివ్వండి. బోటు మెలికలు తిరుగుతుంటే రడ్డర్ గెయిన్ (దారి తప్పితే ఎంత గట్టిగా తిప్పాలో చెప్పే సెట్టింగ్) తగ్గించండి, దారి తప్పినా తీరిగ్గా స్పందిస్తుంటే పెంచండి. నెమ్మదిగా పోయేటప్పుడు బాగున్న గెయిన్ వేగంలో ఎక్కువవుతుంది, కాబట్టి రెండు వేగాలకూ విడిగా చూసుకోవాలి. వెనక నుంచి అలలు తరిమేటప్పుడు నేనైతే చక్రం చేతుల్లోకి తీసుకుంటాను. కిల్ స్విచ్ తాడు (ఊడితే ఇంజన్‌ని ఆపేది) మాత్రం ఎప్పుడూ ఒంటికే ఉండాలి. మీరు నీళ్లలో పడ్డా ఆటోపైలట్ ఆగదు, పెట్టిన దిక్కుకే బోటును తీసుకుపోతుంది.